సోఫా గుట్ట ఎక్కితేనే తుఫాను

ఫైర్ స్టేషన్ అన్నాక అది ఊళ్లో అన్నిటికంటే ముందు మునిగే చోటే ఉండాలి! ఇది నా స్థిరమైన అభిప్రాయం. నవ్వేవాళ్లు నవ్వండి. నవ్వడం అయ్యాక ఈ నాలుగు ముక్కలూ చదవండి.

మా ఊరు పాయింట్ ఒలీవ్, అమెరికాలోని లూసియానాలో, రోడ్డు సముద్రం దాకా వచ్చి ఇక పోలేక ఆగిపోయిన చోట ఉంటుంది. ఊళ్లో ఎత్తయిన ప్రదేశం ఒక్కటే. దాన్ని మేము గుట్ట అంటాం. కొత్తవాళ్లు దాని మీదే నిలబడి, గుట్ట ఎక్కడండీ అని అడుగుతుంటారు. అంతటి గుట్ట అన్నమాట. ఎంతయినా నీళ్లొచ్చినప్పుడు తడవనిది అదొక్కటే కాబట్టి మేయర్ గారి ఇల్లు, కౌన్సిల్ హాలు, హైస్కూలు దాని మీద కట్టుకున్నారు. ఫైర్ స్టేషన్‌ను మాత్రం కింద, రొయ్యల్లాంటి క్రాఫిష్‌లు పెంచే పాత చెరువులో కట్టారు.

చెరువు పక్కన కాదండీ. చెరువులోనే! ఆ చెరువు యజమాని స్థలాన్ని ఊరికి ఉచితంగా ఇచ్చాడు. ఉచితం అన్న మాట చెవిన పడితే మా కౌన్సిల్‌కు ఇంకే మాటా వినపడదు. మట్టి పోశారు, సిమెంటు పోశారు, రిబ్బను కత్తిరించారు. మొదటి పెద్ద వానకు క్రాఫిష్‌లు తమ పాత ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఫైరింజన్ కింద కాపురం పెట్టాయి. ఆ రోజు స్టేషన్‌లో వంటేమిటో వేరే చెప్పాలా?

ఇందులో ఉన్న లాభాలు చూడండి. తక్కిన ఊళ్లలో ఫైర్‌మెన్ హరికేన్‌కు ఎలా తయారవుతారు? రంపాలకు పదును పెడతారు, జనరేటర్లలో డీజిల్ పోస్తారు, రేడియోలు పలుకుతున్నాయో లేదో చూస్తారు, పడవ మోటారు ఒకసారి తిప్పి చూస్తారు. ఆ తర్వాత కాఫీ తాగుతూ కూర్చుంటారు. వట్టి సోమరితనం! మావాళ్లకు ఆ తీరిక ఎక్కడిది? ఇవన్నీ చేసి, ఆపైన స్టేషన్‌ను కూడా నీళ్ల నుంచి కాపాడుకోవాలి. ఫ్రిజ్‌ను బల్ల మీదికి ఎత్తాలి. పరుపులు చుట్టి పైకి వేలాడదీయాలి. బూట్లు ఫ్యాన్ రెక్కలకు కట్టాలి. మా ఫైర్‌మెన్ భుజాలు ఎప్పుడైనా చూశారా? జిమ్‌కు వెళితే వస్తాయా అలాంటి భుజాలు?

ఇక నీళ్ల సంగతి. పక్క ఊరి ఫైరింజన్ నీళ్లు వెతుక్కుంటూ పోవాలి. మా ఊళ్లో నీళ్లే ఇంజన్‌ను వెతుక్కుంటూ వస్తాయి. ఇంతకన్నా సదుపాయం ఎక్కడైనా ఉంటుందా?

అన్నిటినీ మించిన లాభం సోఫా.

అదొక గోధుమరంగు తోలు సోఫా. ముగ్గురి కోసం చేసింది, నలుగురు కూర్చుంటారు. ఒక పక్క తోలు చిరిగితే టేపు వేశారు, ఆ టేపు ఊడితే దాని మీద ఇంకో టేపు వేశారు. హరికేన్ నిజంగానే మావైపు వస్తుందని క్యాప్టెన్ లూసియెన్ నాకాన్‌కు నమ్మకం కుదిరాక, సామాన్లన్నీ పోయాక, ఆఖరున ఆ సోఫాను ఇంజన్ నెత్తిన కట్టి గుట్ట మీద హైస్కూలుకు తరలిస్తారు. ఆఖరున ఎందుకంటే, అలిసిపోయినప్పుడు కూర్చోడానికి అదొక్కటేగా మిగిలేది.

టీవీలో వాతావరణం చెప్పేవాళ్ల మాట మా ఊళ్లో ఎవరూ చెవిన పెట్టరు. రెయిన్‌కోటు వేసుకుని గాలికి ఊగిపోతూ ఎన్నిసార్లు మమ్మల్ని హడలగొట్టలేదు! మేము ఊరు ఖాళీ చేసి వెళ్లేసరికి తుఫాను పక్క రాష్ట్రానికి పోయేది. సోఫా అలా కాదు. సోఫా స్టేషన్‌లో ఉన్నంతసేపూ మా ఫ్రీజర్లలో చేపలు భద్రంగా ఉంటాయి. సోఫా రోడ్డెక్కిందా, ఫ్రీజర్ ఖాళీ చేసి, ఉన్నవన్నీ వేసి గంబో పులుసు కాచి, గిన్నెతో సహా కారెక్కుతాం. నా జీవితంలో ఆ సోఫా ఒక్కసారీ అబద్ధం ఆడలేదు. ఇంతమాట నేను ఏ కౌన్సిలర్ గురించీ చెప్పలేను.

ఇప్పుడు చెప్పండి. స్టేషన్ గుట్ట మీద ఉంటే సోఫా ఎందుకు కదులుతుంది? సోఫా కదలకపోతే జనం ఎందుకు కదులుతారు? మునిగే స్టేషన్ ఊరికి వరమని నేను ఊరికే అన్నానా?

ఈ ఆగస్టులో చేపల పోటీ వారాంతానికే హరికేన్ కూడా ముహూర్తం పెట్టుకుంది. దాని పేరు నేను రాయను. అదే పేరుగల టీచరమ్మ మా ఊళ్లో ఉంది, ఆవిడ ఇప్పటికే చాలా బాధపడుతోంది. అప్పటికే ఊరంతా బయటివాళ్ల పడవలు, ట్రక్కులు. మోటెల్‌లో గది లేదు, బజార్లో ఐసు లేదు. గురువారం పొద్దున మేయర్ స్టెల్లీ గారు చేతులూపుకుంటూ స్టేషన్ ముందు నుంచి పోతూ, లోపల క్యాప్టెన్ సోఫాకు తాడు కట్టడం చూశారు.

"ఆగండాగండి! సోఫా ఎక్కడికి?"

"గుట్ట మీదికండీ," అన్నాడు క్యాప్టెన్. "హరికేన్ మనవైపే తిరిగేట్టుంది మేయర్ గారూ."

"టీవీలో తిరగదంటున్నారు కదయ్యా! నువ్వు దీన్ని రోడ్డెక్కిస్తే సాయంత్రానికి ఊళ్లో ఒక్క పడవ మిగలదు. ఇంజన్ తీసుకుపో. పడవ తీసుకుపో. కావాలంటే ఆ ఫ్రిజ్ కూడా మోసుకుపో. సోఫా మాత్రం ముట్టుకోవద్దు."

"సోఫా ఇక్కడే ఉంటే జనం కదలరండీ."

"నేను చెప్పేదీ అదేగా!"

మధ్యాహ్నానికల్లా కౌన్సిల్ కూర్చుని, అనుమతి లేకుండా ఊరి సోఫాను కదిలించరాదని తీర్మానం చేసేసింది. స్టేషన్ షట్టరు కూడా ఎత్తి ఉంచమంది, వచ్చేపోయేవాళ్లందరికీ సోఫా కనబడాలి కదా! ప్రజల ఆస్తి మీద ఒక ప్రభుత్వం ఇంత శ్రద్ధ చూపించగా నేను ఇంతకుముందు చూడలేదు. క్యాప్టెన్ తాడు విప్పేశాడు.

శుక్రవారం ఫైర్‌మెన్ ఇల్లిల్లూ తిరిగి, వెళ్లిపొమ్మని చెప్పారు. ప్రతి వాకిట్లోనూ ఒకటే ప్రశ్న.

"నువ్వు చెప్పేది సరే బాబూ, సోఫా ఏమంటోంది?"

స్టేషన్‌కు ఎదురుగా, రోడ్డుకు ఇవతల మిస్ ఫిలోనీస్ ఇల్లు. ఆవిడ క్యాప్టెన్‌కు జ్ఞానమాత, అంటే చర్చిలో బాప్తిస్మం నాడు తల్లిగా నిలబడిన మనిషి. తల్లి పోయాక ఆయన్ను పెంచి పెద్దచేసింది కూడా ఆవిడే. ఆయన ఆవిడను నానన్ అంటాడు. ఇంత వయసొచ్చినా ఆవిడ ముందు ఆయన క్యాప్టెన్ కాడు, లూసియెన్‌గాడే. ఆ వేళ ఆవిడ వరండాలో కూర్చుని గంబోకు బెండకాయలు తరుగుతోంది.

"నానన్, బట్టలు సర్దుకో. స్కూలుకి పోదాం."

ఆవిడ తలెత్తి, కళ్లజోడు సవరించుకుని రోడ్డు అవతలికి చూసింది.

"సోఫా అక్కడే ఉందిగదరా."

"మేయర్ కదపొద్దన్నాడు నానన్."

"మేయర్‌కి సోఫాతో ఏం పనిరా? అబద్ధం చెప్పినా అతికేట్టు చెప్పాలి. పోయినసారి ఆ స్కూల్లో నన్ను మీ అత్తగారి పక్కన పడుకోబెట్టావు. ఆవిడ గురక ఇంకా నా చెవుల్లోనే ఉంది. నేను రాను."

"నీ కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకో. మోకాళ్లు ఎటూ నొప్పిగానే ఉన్నాయి."

మా ఫైర్‌మెన్‌కు ఒక అలవాటుంది. వెళ్లనని మొండికేసినవాళ్ల చేతిలో చెరగని మార్కర్ పెన్ను పెట్టి, ముంజేతి మీద పేరు రాసుకోమంటారు. నీళ్లు తీశాక దొరికింది ఎవరో తెలియాలి కదా, ఆ మాట మాత్రం పైకి చెప్పరు. చెప్పాల్సిన పని కూడా లేదు, చాలామంది ఆ పెన్ను చూడగానే చెప్పులేసుకుంటారు. మిస్ ఫిలోనీస్ చెప్పులేసుకోలేదు. పెన్ను మూత తీసి, తీరిగ్గా మోచేతి దగ్గర మొదలుపెట్టి మణికట్టు దాకా రాసుకుంది. "ఫిలోనీస్. సోఫాను చూసి ఉండిపోయాను."

"తప్పులేమైనా ఉన్నాయేమో చూడరా," అని చెయ్యి చాపింది. పచ్చడి సీసాల మీద పేర్లు రాసుకోడానికి పనికొస్తుందని పెన్ను తన దగ్గరే ఉంచేసుకుంది. క్యాప్టెన్ మాత్రం నవ్వలేదు.

శనివారం తెల్లవారేసరికి హరికేన్ మావైపు తిరిగింది. టీవీవాళ్లు ఆశ్చర్యపోయారు. మేమంతా హైస్కూలు జిమ్‌లో ఉన్నాం. అంటే ఫైర్‌మెన్, సోఫా కన్నా క్యాప్టెన్‌ను ఎక్కువ నమ్మిన కొద్దిమంది, చేపల పోటీకొచ్చి ఇరుక్కుపోయిన బయటివాళ్లు, నేను. నేను ఏదో ముందుచూపుతో వెళ్లాననుకోకండి. ఈ కాలమ్ రాయాలంటే నాకు కరెంటు కావాలి, జనరేటరున్నది స్కూల్లోనే. ఇంజన్‌ను గాలి తగలకుండా గోడకు ఆనించి పెట్టారు. మేయర్ గారు కనపడలేదు. అత్యవసర సమావేశమని ఎవరో చెప్పారు. ఎవరితో సమావేశమో ఎవరికీ తెలియలేదు.

గాలి ఒక హద్దు దాటాక ఇంజన్‌ను గానీ పడవను గానీ బయటికి తీయకూడదన్నది ఫైర్‌మెన్ నియమం. ఎవరు ఫోన్ చేసినా పేరు రాసుకుని, గాలి తగ్గాక వస్తామని చెప్పాల్సిందే. మా ఊళ్లో ఈ నియమాన్ని పట్టుబట్టి అమలు చేసింది, కొత్తగా చేరినవాళ్ల చేత వల్లె వేయించిందీ క్యాప్టెనే. ఆ హద్దు పొద్దున్నే దాటిపోయింది.

మిట్టమధ్యాహ్నం ఆయన ఫోను మోగింది. గాలి హోరులో వినపడక స్పీకర్ పెట్టాడు.

"ఒరే లూసియెన్! మీ సోఫా ఇప్పుడే మా వరండా ముందునుంచి పోయింది. ఇక బయల్దేరమంటావా?"

జిమ్ అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. క్యాప్టెన్ మొహం చూశాక ఒక్కొక్కరమే ఆపేశాం.

"నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి నానన్?"

"పొయ్యి ఆరిపోయింది. గంబో సగంలో ఉంది."

రెనే అనే ఫైర్‌ఫైటర్ అమ్మాయి అప్పటికే రెయిన్‌కోటు తొడుక్కుని తలుపు దగ్గరికి నడిచింది.

"క్యాప్, నేను పడవ తీస్తాను."

"కూర్చో రెనే."

"మీ నానన్ కదా క్యాప్!"

"నా నానన్ కాబట్టే కూర్చోమంటున్నాను. ఒకరి కోసం ఇంకొకరిని చంపుకోలేను."

అంతసేపూ నా మనసులో వరసగా పేర్చుకుంటున్న జోకులన్నీ ఎటో పోయాయి. భయమేసింది. ఆయన ఫోనులోకి వంగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"నానన్, అటక ఎక్కు. కప్పు పగలగొట్టడానికి గొడ్డలి ఉందా?"

"మా ఆయన పెట్టిన చోటే ఉంది. ఈ మోకాళ్లతో నన్ను నిచ్చెన ఎక్కమంటున్నావు చూడు! ఆ సోఫా ఏదో నిన్నే కదిలుంటే నాకీ తిప్పలుండేవా?"

"నాదే తప్పు నానన్. ఎక్కు. మాట్లాడుతూ ఎక్కు."

ఆవిడ ఎక్కుతూ మేయర్‌ను తిట్టింది, క్యాప్టెన్ అత్తగారి గురకను తిట్టింది. నిచ్చెన నడుమ ఎక్కడో ఫోను తెగిపోయింది.

ఆ తర్వాత మళ్లీ కలవలేదు. గాలిని కొలిచే పరికరం చేత్తో పట్టుకుని ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎవరో కాఫీ ఇచ్చారు, ఎవరో తీసుకెళ్లిపోయారు, ఆయన చూడలేదు. చివరికి గాలి హద్దు కిందికి దిగాక, పరికరం వంక ఒకసారి, రెనే వంక ఒకసారి చూసి తలూపాడు. పడవ నీళ్లలో పడేసరికి ఇద్దరూ అందులో ఉన్నారు.

మిగతాది రెనే చెప్పింది నాకు.

"ఇల్లు కనబళ్లేదండీ, కప్పు కనబడింది. కప్పులో చిన్న కన్నం. అందులోంచి చెయ్యి ఒక్కటే బయటికొచ్చి ఉంది. అంతే, ఇంకేం లేదు. నా ప్రాణం పోయిందనుకోండి. రాత మాత్రం స్పష్టంగా కనబడుతోంది. సోఫాను చూసి ఉండిపోయాను అని. క్యాప్ మోటారు ఆపేశాడు. అప్పుడు ఆ చెయ్యి ఊగింది. ఆ వెనకే తిట్లు వినపడ్డాయి."

ఏం తిట్టిందని అడిగాను.

"'ఇంతసేపారా? కన్నం పెద్దది చెయ్యి, నేనేమన్నా పిల్లినా!' అని."

రంపంతో కప్పు కోసి ఆవిడను బయటికి తీశారు. పొదుపుగా ఏడ్చే అలవాటున్న మనిషి క్యాప్టెన్. ఆ వేళ ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఊరంతా వినపడేలా ఏడ్చాడట. ఆవిడ ఆయన వీపు నిమిరి, గంబో గిన్నె ఏమైందో చూడమందట.

ఇక సోఫా. నీళ్లు తీశాక ఊరంతా వెతికారు. తెరిచి ఉంచిన షట్టరులోంచి బయటికొచ్చి, రోడ్డు దాటి, ఈసారి గుట్ట మీదికీ పాకిన నీళ్లలో ఈదుకుంటూ పైకెక్కి, మేయర్ గారి వాకిట్లో మెట్ల మీద ఆగి ఉంది. కౌన్సిల్ అనుమతి లేకుండానే! తెచ్చుకోడానికి వెళ్లిన రెనే కిటికీలోంచి లోపలికి చూసింది. ముందుగదిలో కుర్చీ లేదు, బీరువా లేదు, సోఫా లేదు. దొంగలు పడ్డారేమోనని కంగారుపడి నలుగురినీ పిలిచింది. అప్పుడు మేయర్ గారి బావమరిదే ముందుకొచ్చి, అలాంటిదేం లేదు, గురువారం సాయంత్రమే తన రొయ్యల ట్రక్కులో సామానంతా దూరంగా చేర్చానని గొప్పగా చెప్పాడు.

పోయిన వారం కౌన్సిల్ సమావేశం జరిగింది. స్టేషన్‌ను గుట్ట మీదికి, స్కూలు పక్కన ఖాళీ జాగాలోకి మార్చమని క్యాప్టెన్ అడిగాడు. అది చేపల పోటీకొచ్చే ట్రక్కులు ఆపుకునే స్థలమని మేయర్ గారు విచారం వ్యక్తం చేశారు. అయితే ఇకముందు ఇలాంటి ఘోరం జరగకుండా గట్టి చర్య తీసుకుంటామన్నారు. స్టేషన్‌కు కొత్త సోఫా కొంటారట. దాన్ని బోల్టులతో నేలకు బిగిస్తారట! కౌన్సిలర్లు చప్పట్లు కొట్టారు. నేను కూడా లేచి సమర్థించాను. ఎంత నీరొచ్చినా చలించని సోఫా ఏ ఊరికి ఉంది చెప్పండి?

మిస్ ఫిలోనీస్ కర్ర ఊతంగా లేచింది. చొక్కా చెయ్యి పైకి మడిచింది. రాత కాస్త వెలిసింది గానీ అక్షరాలు పోలేదు.

"మేయర్ గారూ, మీ సోఫా ఎప్పుడు కదిలింది?"

"అది... కవర్లు ఉతికించడానికి పంపామమ్మా."

"బీరువాలు కూడా ఉతికించారా?"

హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. సంచీలోంచి ఆ మార్కర్ పెన్ను తీసి, మెల్లగా నడుచుకుంటూ వెళ్లి మేయర్ గారి ముందు బల్ల మీద పెట్టింది.

"ఈసారి సోఫా అక్కడే ఉండాలంటే, మీరు దాని మీద కూర్చోండి. చేతి మీద పేరు రాసుకుని కూర్చోండి. అప్పుడు నేను నమ్ముతాను."

కొత్త సోఫా వచ్చింది. బోల్టులు బిగించారు. దాని వంక ఎవరూ చూడటం లేదు. మిస్ ఫిలోనీస్ మాత్రం రోజూ సాయంత్రం మడతకుర్చీ పట్టుకుని గుట్ట ఎక్కి, మేయర్ గారి ఇంటికి ఎదురుగా, తిరిగొచ్చిన ఆయన సోఫా కిటికీలోంచి కనబడేచోట కూర్చుని బెండకాయలు తరుగుతోంది. ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి "ఉందా?" అని అడుగుతారు. "ఉంది," అంటుంది. మొన్న మేయర్ గారు ఆ కిటికీకి దళసరి కర్టెన్లు వేయించారు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, అయినా ఆ పూట సగం ఊరు బట్టలు సర్దుకుంది.

కాబట్టి నా అభిప్రాయంలో చిన్న సవరణ. ఊళ్లో అన్నిటికంటే ముందు మునిగే చోట ఎవరో ఒకరు ఉండాలన్న మాట నిజమే. కానీ ఆ భాగ్యమంతా ఫైర్‌మెన్‌కే కట్టబెట్టడం అన్యాయం కదా! స్టేషన్‌ను గుట్ట మీదికి మార్చి, మేయర్ గారి ఇంటిని చెరువులోకి దించితే ఎలా ఉంటుందో ఆలోచించండి. టీవీతో పని ఉండదు, సోఫాతో పని ఉండదు, తీర్మానాలతో అసలే ఉండదు.

నిన్న కౌన్సిల్ హాలు వైపు వెళ్లాను. మిస్ ఫిలోనీస్ పెట్టిన పెన్ను ఇంకా ఆ బల్ల మీదే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.